మడిలో ముడిచమురు పడితే… దున్నే ముందు లోతు చూడండి

ప్రశ్న: మాది కోనసీమ. చమురు బావి నుంచి వెళ్లే పైపు పగిలి మా దాళ్వా మడిలో 10 సెంట్ల మేర ముడిచమురు పరుచుకుంది. పైనున్నది తోడేశారు. మిగిలింది దున్నేస్తే నేలే సర్దుకుంటుందని కంపెనీ వాళ్లు అంటున్నారు. మడి పక్కనున్న చేతిపంపు నీళ్లే తాగుతాం. గేదె బోదెలో తెట్టు కట్టిన నీళ్లు తాగింది. పిల్లలు తలనొప్పి అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు మనుషుల సంగతి, తర్వాత గేదె, ఆ తర్వాతే మడి.

ఆ చేతిపంపు నీళ్లు ఈ రోజే ఆపేయండి. తాగడానికే కాదు, వంటకూ స్నానానికీ కూడా వద్దు. మరిగిస్తే మంచివవుతాయనుకోకండి. ముడిచమురులోని బెంజీన్ అనే విషపదార్థం ఆవిరై వంటింటి గాలిలో కలుస్తుంది, వండేవాళ్లు దాన్నే పీలుస్తారు. వాసన రావడం లేదని ధైర్యపడటమూ పొరపాటే. తాగునీటిలో బెంజీన్ లీటరుకు 10 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంత కొద్ది మోతాదును ముక్కు పట్టలేదు. పరీక్షకు నీటిని ప్లాస్టిక్ సీసాలో కాకుండా చిన్న గాజు సీసాలో, లోపల గాలి బుడగ మిగలకుండా నిండా నింపి, ఐసు పెట్టెలో పంపాలి. బెంజీన్ ఎముక మజ్జను దెబ్బతీస్తుంది. అందుకే పిల్లలను డాక్టరుకు చూపించి, విషయం చెప్పి, రక్తకణాల లెక్క పరీక్ష చేయించండి. గర్భిణులనూ పిల్లలనూ ఆ మడి దరిదాపులకు పోనివ్వకండి. ఒంటికి చమురు అంటితే కిరసనాయిలుతో తుడవొద్దు. కొబ్బరినూనె రాసి తుడిచి, సబ్బుతో కడగండి.

గేదెకు నూనె, గంజి, నాటుమందు ఏదీ గొట్టంతో పోయకండి. కడుపులోని చమురు ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. చమురు తాగిన పశువులు ఎక్కువగా చనిపోయేది దానివల్లే. పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేసి పశువైద్యుణ్ణి పిలిపించండి. ఒంటిమీద చమురుంటే అది నాకకముందే సబ్బునీళ్లతో కడగండి. వారం రోజులు మేత, నెమరు, దగ్గు, జ్వరం గమనిస్తూ ఉండండి. డాక్టరు చెప్పేదాకా పాలు ఇంట్లో వాడొద్దు, కేంద్రానికీ పోయొద్దు. ఆ మడి గడ్డి కూడా వేయకండి.

ఇక మడి. దున్నేస్తే చాలన్న మాటను లోతు చూడకుండా ఒప్పుకోవద్దు. నైజీరియాలోని ఓగోనీ ప్రజల నేలలో జరిగింది ఇదే. దశాబ్దాల పాటు అక్కడ చమురు కారింది. శుభ్రం చేయడమంటే పై మట్టిని తిరగదున్ని వదిలేయడమే అయింది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం పరీక్షించి 2011లో నివేదిక ఇచ్చింది. 49 చోట్ల కనీసం 5 మీటర్ల లోతున కూడా చమురు కనిపించింది. ఓగాలే ప్రాంతంలో జనం తాగే బావినీళ్లలో బెంజీన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితికి 900 రెట్లకు పైగా ఉంది. ఆ నేల, నీరు పూర్తిగా కోలుకోవడానికి 25 నుంచి 30 ఏళ్లు పట్టవచ్చని అంచనా వేశారు. కోనసీమలో నీటిమట్టం పైపైనే ఉంటుంది కాబట్టి మనకు మరీ జాగ్రత్త అవసరం.

ముందు బోదె, మురుగు కాలువ గండ్లు మట్టితో మూసేయండి. నిప్పు పెట్టకండి, దమ్ము చేయకండి. దమ్ము చేస్తే చమురు బురదలో కలిసి, గాలి అందక, ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. తర్వాత ఐదారు చోట్ల ఆగరుతో (మట్టిని తొలిచి తీసే పనిముట్టు) 0-15, 15-30, 30-60 సెంటీమీటర్ల మట్టి విడివిడిగా తీయండి. చమురు పడని మడిలోనూ అలాగే తీయండి. ప్రతి మట్టినీ గుప్పెడు గాజు గ్లాసులో వేసి, నీళ్లు పోసి కలపండి. పైన రంగురంగుల తెట్టు తేలితే ఆ లోతుకు చమురు దిగినట్టే. అయితే తెట్టు తేలకపోతే లేదని కాదు, ల్యాబ్ పరీక్ష తప్పదు. మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లు (మట్టిలో ఉన్న చమురు లెక్క), ఇ.సి. (మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత), క్లోరైడు, బేరియం, సీసం, క్రోమియం అన్నీ చూడమనండి. చమురుతో పాటు బావి ఉప్పునీళ్లు కూడా వస్తాయి. ఇ.సి. మీటరుకు 3 డెసీసీమెన్స్ దాటితే వరి దిగుబడి తగ్గుతుంది, దానికి మంచినీటితో ఉప్పు కడగడం వేరే పని.

చమురు 15 సెంటీమీటర్ల లోపే ఉంటే మడిని ఆరనిచ్చి, పదును మీద 10-15 రోజులకోసారి దున్నండి. చమురును తినే సూక్ష్మజీవులకు గాలితో పాటు నత్రజని, భాస్వరం కావాలి. మట్టి కిలోకు 1,000 మిల్లీగ్రాముల చమురు ఉందనుకుందాం. 10 సెంట్లకు దాదాపు 16 కిలోల యూరియా, 11 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ అవసరం. యూరియాను 4 కిలోల చొప్పున మూడు వారాలకోసారి చల్లాలి. ఒకేసారి వేస్తే ఆ సూక్ష్మజీవులకే చెరుపు. చమురు అంతకంటే లోతుకు దిగితే మాత్రం ఆ మట్టిని తవ్వి తీసి శుద్ధి చేయడం కంపెనీ బాధ్యత. పైన ఇసుక పోసి కప్పుతామంటే ఒప్పుకోకండి. చమురు పట్టిన మట్టి, గడ్డి ప్రమాదకర వ్యర్థాలు. పెంటకుప్పలో వేయకూడదు.

మట్టి తరలించకముందే తేదీతో ఫొటోలు తీసి, తహసీల్దారుకూ కాలుష్య నియంత్రణ మండలికీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. పైపు మీ భూమిలో వినియోగ హక్కు కింద వేసినదైతే 1962 పైపులైన్ల చట్టం 10వ సెక్షన్ కింద నష్టపరిహారం అడగవచ్చు. అధికారి నిర్ణయించిన మొత్తం చాలకపోతే జిల్లా జడ్జి దగ్గరకు వెళ్లే హక్కు ఉంది.

వచ్చే సార్వాకు ఆ 10 సెంట్లు ఖాళీగానే ఉంచండి. మళ్లీ నాటే ముందు ఆ మట్టి ఒక కుండీలో, మంచి మట్టి ఇంకో కుండీలో పోసి 20 పెసర గింజల చొప్పున నాటండి. మొలకల్లో, వేళ్ల పొడవులో తేడా కనిపిస్తే ఇంకో సీజను ఆగాలి. తేడా లేకున్నా ల్యాబ్ పరీక్షలో మడి శుభ్రమని తేలేదాకా అక్కడ పండిన గింజ తినడం, అమ్మడం వద్దు.