వైడల్ ఇంకా పాజిటివ్ వస్తోందా? కంగారు పడకండి

మీ బాబుకి టైఫాయిడ్ తగ్గి నెల దాటినా వైడల్ (టైఫాయిడ్ కోసం చేసే రక్త పరీక్ష) పాజిటివ్ వచ్చిందని, మళ్ళీ మందులు మొదలుపెట్టాలా అని అడిగారు. జ్వరం లేదు, అన్నం బాగా తింటున్నాడు అంటున్నారు కదండీ, అలాంటప్పుడు ఆ కాగితం చూసి టెన్షన్ పడొద్దు. వైడల్ పరీక్ష టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా టైఫీ బాక్టీరియాను నేరుగా పట్టుకోదు. దాన్ని ఎదుర్కోవడానికి ఒంట్లో తయారైన యాంటీబాడీలను కొలుస్తుంది. రిపోర్టులో 'ఓ', 'హెచ్' అక్షరాల పక్కన 1:160 లాంటి అంకెలు ఉంటాయే, అవే ఆ కొలత. క్రిమి పోయాక కూడా యాంటీబాడీలు నెలల తరబడి రక్తంలో ఉండిపోతాయి.

మళ్ళీ జ్వరం వస్తే మాత్రం డాక్టరుకి చూపించి, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిమి ఉంటే దాన్ని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) చేయించమని అడగండి. ముందే మందు పడితే క్రిమి ఉన్నా కల్చర్‌లో పెరగకపోవచ్చు. ఇంట్లో మిగిలిన సెఫిక్సిమ్ (అదీ యాంటీబయాటిక్కే) మాత్రం దయచేసి సొంతంగా వేయకండి.