చావు మాట ఎత్తితే విశ్వాసం లేనట్టేనా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. రెండేళ్ల క్రితం రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషను, కీమో అయ్యాయి. ఇప్పుడు రిపోర్టులు బాగానే ఉన్నాయి. అయినా ఎన్నాళ్లుంటానో అన్న ఆలోచన వదలడం లేదు. బంగారం ఎక్కడ కుదువ పెట్టామో, చీటీ డబ్బులు ఎవరివ్వాలో, మా అమ్మ నాకిచ్చిన ఎకరం పొలం పాపకే చెందాలని ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. మావారు చూసి ఆ పేజీలు చింపేశారు. "చావును నోటితో ఒప్పుకోకూడదు, స్వస్థపరచిన దేవుణ్ణి అవమానించినట్టే" అన్నారు. ఇంటర్ చదివే పాప "అమ్మా, నువ్వు చచ్చిపోతావా?" అనడిగితే కసిరేశాను. నా విశ్వాసంలోనే లోపముందా?

జవాబు: లేదమ్మా. మీరు రాసుకున్నది అవిశ్వాసం కాదు, మీ పిల్ల మీద ప్రేమ.

మీవారు దేవుని మాట గట్టిగా నమ్మే మనిషి కాబట్టి, ఆయనతో కలిసి రెండవ రాజుల గ్రంథం 20వ అధ్యాయం చదవండి. హిజ్కియా రాజు జబ్బుపడి మంచంలో ఉంటే యెషయా ప్రవక్త వచ్చి "నీ యిల్లు చక్కబెట్టుకొనుము" అన్నాడు. ఆ మాట దేవుని దగ్గర నుంచే వచ్చింది. రాజు గోడవైపు తిరిగి ఏడ్చాడు. ప్రార్థన చేశాడు. 15 ఏళ్లు ఆయుష్షు పొడిగింపు దొరికింది. మీవారు ఈ చివరి మాటే పట్టుకుంటారేమో, పట్టుకోనివ్వండి. అదే అధ్యాయంలో ఆ పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టారని కూడా ఉంది. అంటే మందూ ఉంది, ప్రార్థనా ఉంది. ఇచ్చిన ఆయుష్షుకి లెక్కా ఉంది. స్వస్థత పొందిన మనిషికి కూడా ఏళ్లు లెక్కపెట్టే ఇచ్చాడు దేవుడు.

యేసు ప్రభువు సంగతే చూడండి. సిలువ మీద ప్రాణం పోతున్న వేళ తల్లిని శిష్యుడికి అప్పగించాడు. మూడో రోజున లేస్తానని ముందే చెప్పినవాడు, అమ్మ ఎక్కడుంటుందో చూడకుండా కన్ను మూయలేదు. మీ నోటుబుక్కు అలాంటిదే. నాకు అందులో ఏ తప్పూ కనబడదు.

మీవారి మీద కోపం పెట్టుకోకండి. కీమో రోజుల్లో ఆసుపత్రి వరండాలో కూర్చున్నది ఆయనే కదా. ఆ పేజీలు చింపింది ఆయన భయమని నాకనిపిస్తోంది. "నేను పోతానని రాయలేదండీ. ఉన్నన్నాళ్లూ నిశ్చింతగా ఉండాలని రాసుకున్నాను" అని, వాదనకు దిగకుండా ఒక్కసారి చెప్పి ఊరుకోండి. ఆయనా ఏడిస్తే ఏడవనివ్వండి. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసీ ప్రభువు కన్నీళ్లు పెట్టుకున్నాడు.

పొలం సంగతి నోటుబుక్కులో రాస్తే చాలదు. వీలునామా లేకపోతే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం క్రైస్తవ స్త్రీ ఆస్తిలో మూడో వంతు భర్తకు, మిగతా రెండొంతులు పిల్లలకు వస్తుంది. మొత్తం పాపకే చెందాలంటే వీలునామా రాయాలి. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గానీ చేయించడం మేలు. ఒక్కటి గుర్తుంచుకోండి: ఆస్తి పొందేవాళ్లు గానీ, వాళ్ల భర్త లేదా భార్య గానీ సాక్షి సంతకం పెడితే వాళ్లకు రాసిన భాగం చెల్లదు. పాప చేత సాక్షి సంతకం పెట్టించకండి. తెలిసిన లాయరుకి ఒకసారి చూపించండి.

రాత్రులు నిద్ర పట్టకపోయినా, గుండె దడ తగ్గకపోయినా చెకప్‌కి వెళ్లినప్పుడు మీ డాక్టరుకి చెప్పండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ప్రార్థన చేసేవాళ్లు ఇది చేయకూడదని ఎవరన్నా అంటే అంజూరపు ముద్ద గుర్తు చేయండి.

ఇక పాప. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కదిలించింది ఆ పిల్ల ప్రశ్నే. కసిరితే భయం పోదు, అడగడం మానేస్తుంది, అంతే. ఈసారి అన్నం తిన్నాక పక్కన కూర్చోబెట్టుకుని, "ఏదో ఒకరోజు అందరం ప్రభువు దగ్గరికి వెళ్లేవాళ్లమే తల్లీ. ఎప్పుడో నాకూ తెలీదు. ఇప్పటికైతే రిపోర్టులు బాగున్నాయి. ఏదన్నా మారితే నీ దగ్గర దాచను" అనండి. ఆ చివరి మాట తప్పకుండా నిలబెట్టుకోండి.

తర్వాత కొత్త నోటుబుక్కు ఒకటి తెప్పించి, ఆ పిల్లచేతే రాయించండి. బంగారం రసీదు, చీటీ లెక్క అయ్యాక, తనకిష్టమైన మీ చేతి గోంగూర పచ్చడి ఎలా చేస్తారో కూడా చెప్పండి, రాసుకుంటుంది.