బి.ఆర్క్ అయ్యాక ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ చేస్తానంటోంది మా అమ్మాయి. తోటపనికి మళ్లీ పీజీ ఎందుకు?

ఇంట్లో అందరూ "మొక్కలు నాటడానికి రెండేళ్ల చదువా" అంటున్నారని రాశారు. అనంతపురం నుంచి వచ్చి బెంగళూరులో నేను చేస్తున్నది ఇదే పనండీ, అంటే భవనాల చుట్టూ, వాటి మీదా ఉండే ఆరుబయలు స్థలాలను డిజైన్ చేయడం. మా నాన్నగారు ఇప్పటికీ చుట్టాలకు నా ఉద్యోగం "ఇంజనీరింగ్ లాంటిదే" అని చెప్పి తప్పించుకుంటారు.

కార్నీలియా హాన్ ఓబర్‌లాండర్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ గురించి మీరూ మీ అమ్మాయీ కలిసి చదవండి. 1921లో జర్మనీలో పుట్టారు. వాళ్లమ్మ పిల్లల కోసం తోటపని పుస్తకాలు రాసినావిడ. యూదు కుటుంబం కావడంతో నాజీల బారి నుంచి తప్పించుకుని 1939లో అమెరికా చేరారు. హార్వర్డ్‌లో ఈ చదువు చదివిన తొలితరం ఆడవాళ్లలో ఒకరు, 1947లో పట్టా పుచ్చుకున్నారు. పెళ్లయ్యాక కెనడాలోని వాంకూవర్‌లో స్థిరపడ్డారు. 2021లో కోవిడ్‌తో పోయేనాటికి 99 ఏళ్లు. తొంభై దాటాక కూడా పని చేస్తూనే ఉన్నారు!

ఆవిడ పనుల్లో నాకు బాగా ఇష్టమైనది వాంకూవర్‌లోని రాబ్సన్ స్క్వేర్. ఆర్కిటెక్ట్ ఆర్థర్ ఎరిక్సన్‌తో కలిసి 1970లలో చేశారు. ప్రభుత్వ కార్యాలయాల కప్పు మీద చెట్లు పెంచారు. మీ ఇంట్లోవాళ్ల ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. తడిసిన మట్టి ఒక క్యూబిక్ మీటరు ఒకటిన్నర టన్ను పైనే తూగుతుంది. ఆ బరువును స్లాబ్ మోయాలి, వేరు వాటర్‌ప్రూఫింగ్‌ని చీల్చకూడదు, వాననీళ్లు నిలవకుండా పోవాలి. మొక్క ఎంపిక ఆ తర్వాతి సంగతి.

బెంగళూరులో ఇప్పుడు ఏ అపార్ట్‌మెంట్ చూసినా కింద బేస్‌మెంట్ పార్కింగ్, దాని నెత్తిన తోట. ఒక బిల్డర్ స్లాబ్ పోసేశాక మమ్మల్ని పిలిచి, "మేడమ్, ఇక్కడ నాలుగు పెద్ద చెట్లు పెట్టేయండి" అన్నాడు. మట్టికి వదిలింది అడుగున్నర లోతు. స్ట్రక్చరల్ ఇంజనీరుతో కూర్చుని, స్తంభాలు ఎక్కడున్నాయో చూసి, వాటి మీద మాత్రమే మట్టి ఎత్తు పెంచి రెండు పొగడ చెట్లు పెట్టించాం. మిగతాదంతా పొదలే. అతను ఇప్పటికీ అలిగే ఉన్నాడు.

ఓబర్‌లాండర్ కెనడా ఉత్తరాన ఉన్న యెల్లోనైఫ్‌లో చట్టసభ భవనానికి పనిచేసినప్పుడు, ఆ నేల మొక్కల విత్తనాలే సేకరించి, వాంకూవర్‌లో నారు పెంచి, మళ్లీ అక్కడే నాటించారు. మన దగ్గరేమో బోరు ఎండిపోయినా "ఊటీలా ఉండాలి" అని లాన్ అడుగుతారు. 2024 మార్చిలో బెంగళూరులో నీళ్ల కరువొచ్చి, తాగే నీళ్లు తోటకు పోస్తే 5,000 రూపాయల జరిమానా అన్నాక కాస్త మార్పు వచ్చింది. ఇప్పుడు కానుగ, వేప అంటే వినేవాళ్లు కొందరైనా ఉన్నారు.

జీతం మాటకొస్తే, మొదటి కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ పిల్లలతో పోల్చుకోకండి, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఎండలో సైట్ తిరగాలి, కాంట్రాక్టరుతో గొంతు పెంచి మాట్లాడాలి. పీజీకి ఢిల్లీ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్), అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీ మంచివి. దానికి ముందు ఏదైనా ల్యాండ్‌స్కేప్ ఆఫీసులో కొన్ని నెలలు పనిచేయనివ్వండి. డ్రాయింగులకే కూర్చోబెట్టకుండా సైట్‌కి కూడా పంపుతారా అని చేరేముందే అడగమనండి.