పుల్లను పిండకు అల్లుడా

అల్లుడా,

నువ్వు డ్రమ్స్ వాయిస్తూ పంపిన వీడియో చూశాను. తాళం తప్పడం లేదు, సంతోషం. కానీ నిమిషం తిరిగేసరికి నీ కుడి భుజం పైకి లేచింది, బొటనవేలి గోరు తెల్లబడింది. నాకు అదే పట్టుకుంది. స్టిక్‌ను అంత గట్టిగా పట్టుకుంటే రేపో మాపో మణికట్టు మొరాయిస్తుంది. ఇది ఫోన్లో చెబితే అర్థమయ్యేది కాదని రాస్తున్నాను. సాధన చేసే రబ్బరు ప్యాడ్ ముందు పెట్టుకుని చదువు.

నీ చెయ్యి డప్పు మీద తిరిగిన చెయ్యి. డప్పులో కుడిచేతికి సిర్ర అనే పొట్టి కర్ర, ఎడమచేతికి చిటికెన పుల్ల అనే సన్నటి పుల్ల. ఎడమచెయ్యి డప్పు అంచును కూడా పట్టి ఉంచాలి కాబట్టి దాని మణికట్టు పెద్దగా కదలదు, వేళ్లతోనే పుల్ల ఆడిస్తాం. డ్రమ్ సెట్ దగ్గర రెండు స్టిక్కులూ ఒకటే, రెండు చేతులకూ పని సమానం. నీ ఎడమ దెబ్బ పలచగా వినిపించడానికి కారణం ఇదే. నీకు రాదని కాదు, ఆ చేతికి ఇన్నాళ్లూ ఆ పని పడలేదు.

ఇక పట్టు. స్టిక్ వెనక చివర నుంచి సుమారు మూడో వంతు దగ్గర, బొటనవేలి మెత్తటి భాగానికీ చూపుడువేలి మొదటి కణుపుకీ మధ్య పట్టుకో. మిగతా మూడు వేళ్లు చుట్టూ వాలి ఉండాలి, తాకాలి గానీ పిండకూడదు. అరచెయ్యి కిందికి చూడాలి. సరైన చోటు నీకు నువ్వే కనిపెట్టొచ్చు. స్టిక్ కొన ఎత్తి ప్యాడ్ మీద వదిలెయ్. అదంతట అదే ఎన్నిసార్లు ఎగురుతుందో చూడు. అర అంగుళం ముందుకు, అర అంగుళం వెనక్కి జరిపి మళ్లీ వదులు. ఎక్కడ పట్టుకుంటే ఎక్కువసార్లు ఎగిరిందో అదే నీ చోటు. చెరువుగట్టు జాతరలో చిన్నపిల్లాడి చెయ్యి పట్టుకుని నడిపిస్తామే, తప్పిపోకూడదు, చెయ్యి నొప్పి పుట్టకూడదు, అంత పట్టు చాలు.

ఇది నీకు తెలియనిదేం కాదు. మంట సెగకు కాపిన డప్పు మీద తోలు బిగిసి, సిర్రను తనే పైకి తోస్తుంది. డ్రమ్ సెట్‌లో నీ ముందుండే స్నేర్ డ్రమ్ము కూడా అంతే. దెబ్బ నువ్వు వేస్తావు, స్టిక్‌ను పైకి లేపే పని డ్రమ్ముది. నువ్వు బిగబట్టావంటే ఆ పని కూడా నీ చేతి మీదే పడుతుంది. దిండు మీద సాధన చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఇప్పుడే వద్దు, దిండు ఏమీ తిరిగి ఇవ్వదు. రబ్బరు ప్యాడే నీకు గురువు.

స్టిక్కులు కొనేటప్పుడు 5ఏ అనే సైజు అడుగు, పొడవు 16 అంగుళాలు ఉంటాయి. షాపులోనే గాజు బల్ల మీద దొర్లించి చూడు, వంకర ఉంటే ఊగుతాయి.

పరేడ్లలో కొందరు ఎడమ అరచెయ్యి పైకి తిప్పి పట్టుకుంటారు. పట్టీతో వేలాడే డ్రమ్ము ఒక పక్కకు వాలుతుంది కాబట్టి వచ్చిన పద్ధతి అది. కూర్చుని వాయించే నీకు దాని జోలి అక్కర్లేదు.

తాళం కొట్టే మెట్రోనోమ్‌ను 60 మీద, అంటే నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టు. ముందు ఎడమచెయ్యి ఒక్కటే, ఎనిమిది దెబ్బలు. చెవి కన్నా కన్ను పెట్టు, స్టిక్ కొన ప్రతిసారీ ఒకే ఎత్తుకు లేవాలి. తర్వాత కుడిచెయ్యి. రెండూ సరిపోయాక కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ. దాన్నే పారడిడిల్ అంటారు. ముంజేయి బిగుసుకుంటే ఆపు, చేతులు విదిలించి కాస్త స్పీడు తగ్గించి మొదలుపెట్టు. తిమ్మిరి గానీ పోటు గానీ పోకుండా ఉంటే సాధన మానేసి డాక్టర్‌కు చూపించు, ఇందులో మొండితనం వద్దు.

ఆదివారం ఇంకో వీడియో పంపు. ముఖం అక్కర్లేదు, మణికట్టు కనబడేలా పక్క నుంచి తియ్యి. 60 దాటొద్దు.

మీ మామ,
నల్గొండ