బొమ్మలు వేసే అలవాటు లేకపోయినా చైనా కుంచె చిత్రలేఖనం నేర్చుకోవచ్చా?

మీరు మూడు విషయాలు అడిగారు. బొమ్మలు వేసిన అలవాటు లేకుండా నలభైలలో చైనా కుంచె చిత్రలేఖనం మొదలుపెట్టవచ్చా, చైనీస్ భాష రావాలా, ముందుగా ఏమేం కొనాలి అని. నేను సింగపూర్‌లో నలభై ఒకటో ఏట మొదలుపెట్టాను, ఇప్పటికి ఆరేళ్లయింది. నేర్చుకోవచ్చు, భాష రానక్కర్లేదు, కొనాల్సినవి కూడా తక్కువే. అయితే వీటన్నిటికంటే ముందు నీటి గురించి తెలుసుకోవాలి. మొదట్లో నాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

ఈ చిత్రాలు వేసే కాగితాన్ని ష్వాన్ కాగితం అంటారు. చైనాలోని అన్‌హుయ్ ప్రావిన్స్‌లో జింగ్ కౌంటీ దీనికి పుట్టిల్లు. చింగ్‌థాన్ అనే చెట్టు బెరడు, వరిగడ్డి కలిపి దీన్ని చేస్తారు. ఈ తయారీ విద్యను 2009లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఇందులో పచ్చిది, పండినది అని రెండు రకాలున్నాయి. పటిక, జిగురు పట్టించినది పండిన కాగితం, దాని మీద సిరా పాకదు. పచ్చి కాగితం మీద చుక్క పడితే చాలు, అద్దుడు కాగితంలా పీల్చుకుని నాలుగు వైపులా వ్యాపిస్తుంది. చెరపడం ఉండదు, పైన ఇంకో రంగు పూసి తప్పు కప్పేయడం ఉండదు. కుంచె ఒక్క క్షణం తటపటాయించినా అక్కడ మచ్చ తేలుతుంది.

మొదటి రెండు నెలలూ మా టీచర్ నోట నేను ఎక్కువగా విన్న మాట "థాయ్ షీ". మరీ తడిగా ఉంది అని అర్థం. ఆవిడకి డెబ్బై దాటాయి, ఇంగ్లీష్ కొద్దిగానే వచ్చు. నా కుంచె కాగితాన్ని తాకకముందే దాని పొట్ట చూసి ఆ మాట అనేసేవారు. కుంచె కడిగాక గిన్నె అంచుకి వత్తి, ఆపైన మడిచిన పాత నూలు బట్టకి అద్దాలి. కొనని కాదు, వెంట్రుకల మొదలుని అద్దాలి. నీళ్లు దాక్కునేది అక్కడే. ఈ ఒక్క అలవాటు చేతికి పట్టాక నా గీతలు చాలా వరకు బాగుపడ్డాయి.

మీరు చిన్నప్పుడు ముగ్గులు వేసి ఉంటే దానివల్ల మీకు ఒక మేలు, ఒక ఇబ్బంది ఉన్నాయి. చెయ్యి భుజం నుంచి కదలడం, మధ్యలో ఆపకుండా గీత లాగడం మీకు ముందే వచ్చు. అది నిజంగా పెద్ద మేలు. కానీ ముగ్గు గీత మొదటి నుంచి చివరి దాకా ఒకే లావున ఉండాలి, మా అమ్మమ్మ దాన్నే మెచ్చుకునేది. కుంచె పనిలో ఒకే గీతలో నొక్కాలి, తేల్చాలి. వెదురాకు వేసేటప్పుడు కాడ దగ్గర కుంచె ఆనించి, పొట్ట దగ్గర నొక్కి, కొనకి వచ్చేసరికి గాల్లోకి లేపేయాలి. గాల్లోకి లేచాక కూడా చెయ్యి ఇంకాస్త ముందుకు సాగితేనే కొన సూదిలా వస్తుంది. ఈ సంగతి అర్థం కావడానికి నాకు మూడు నెలలు పట్టింది.

ఏ బొమ్మతో మొదలుపెట్టాలో ఆలోచించి టెన్షన్ పడకండి, వెదురుతోనే మొదలుపెట్టండి. వెదురు, ఆర్కిడ్, ప్లమ్ పూలకొమ్మ, చామంతి, ఈ నాలుగింటినీ చైనావాళ్లు నలుగురు సజ్జనులు అంటారు. కావాల్సిన గీతలన్నీ వీటిలోనే ఉన్నాయి. వెదురు బొంగు వేసేటప్పుడు కుంచెని కింద నుంచి పైకి నెడుతూ, ఒక్కో కణుపు దగ్గర ఆగి ఎత్తాలి. అది పూర్తిగా ఆరకముందే కణుపుల దగ్గర ముదురు సిరాతో సన్నటి గీత పెట్టాలి. ఆ తర్వాత రెమ్మలు, చివరగా ఆకులు. ఆర్కిడ్ ఆకులకి ఇంకో లెక్క ఉంది. మొదటి ఆకుని రెండోది దాటినప్పుడు మధ్యలో ఏర్పడే ఖాళీని ఫీనిక్స్ కన్ను అంటారు, మూడో ఆకు ఆ కన్నుని చీల్చుకుంటూ పోవాలి. ఈ మూడు ఆకులు సరిగా కుదిరితే మిగతా పొద దానంతటదే వచ్చేస్తుంది.

పదకొండో శతాబ్దంలో వెన్ థోంగ్ అనే చిత్రకారుడు వెదురుకి పేరుపడ్డాడు. వెదురు వేయాలంటే ముందు మనసులో నిండు వెదురు ఉండాలని ఆయన గురించి రాస్తూ కవి సు షి చెప్పాడు. నేను వేసేవన్నీ ఒకేలా వస్తున్నాయని ఆ మాట పట్టుకుని బొటానిక్ గార్డెన్స్‌కి వెళ్లి వెదురు పొదల ముందు కూర్చున్నాను. వాన వెలిసిన తర్వాత ఆకులన్నీ కిందికి వేలాడుతూ ఉంటాయి, గాలి వీచినప్పుడు అన్నీ ఒకే పక్కకి తిరుగుతాయి. పుస్తకం చూసి గీసినన్నాళ్లూ నాకు ఆ తేడా కనపడలేదు. సింగపూర్ 50 డాలర్ల నోటు వెనక గిబ్బన్ కోతుల చిత్రం ఉంటుంది, అది సింగపూర్ చిత్రకారుడు చెన్ వెన్ షీ వేసిన బొమ్మ. ఆయన గిబ్బన్‌లను ఇంట్లో పెంచి మరీ వాటి కదలికలు గమనించారు. అదే నోటు మీద మన వీణ కూడా ఉంది. నేర్చుకోవడం మొదలుపెట్టాకే ఆ నోటుని నేను సరిగ్గా చూశాను.

ఇక కొనాల్సినవి. పన్నెండు కుంచెల సెట్టు వద్దు, రెండు చాలు. ఒకటి వీజిల్ అనే చిన్న జంతువు వెంట్రుకలది. దీన్ని తోడేలు వెంట్రుక అని అమ్ముతారు గానీ తోడేలుకి సంబంధం లేదు. గీతకి ఇది గట్టిగా నిలబడుతుంది. రెండోది మేక వెంట్రుకలది. అది మెత్తగా ఉండి నీళ్లు బాగా పట్టుకుంటుంది, పువ్వుల రేకులకి కావాలి. కొత్త కుంచె గంజి పెట్టినట్టు బిరుసుగా ఉంటుంది. చల్లటి నీళ్లలో నెమ్మదిగా నాననివ్వండి, వేడినీళ్లు తగిలితే వెంట్రుకల మొదలులో ఉన్న జిగురు వదిలేస్తుంది. నా మొదటి మంచి కుంచెని రాత్రంతా నీళ్ల గ్లాసులో నిలబెట్టాను. పొద్దునకి కొన వంగిపోయింది, వారం తిరక్కుండా వెంట్రుకల కట్ట కాడ నుంచి ఊడి చేతిలోకి వచ్చింది. కడిగాక కొన కిందికి ఉండేలా వేలాడదీయండి, లేదా పడుకోబెట్టండి.

సాధనకి మంచి ష్వాన్ కాగితం కొనకండి. పాత వార్తాపత్రికల మీద గీతలు వేయండి, తర్వాత చవకైన సాధన కాగితానికి వెళ్లండి. కింద వేసుకోవడానికి ఒక ఉన్ని గుడ్డ కావాలి, లేకపోతే సిరా కాగితం దాటి బల్లకి అంటుకుంటుంది. సింగపూర్‌లో అయితే బ్రాస్ బసా కాంప్లెక్స్‌లో ఇవన్నీ ఒకేచోట దొరుకుతాయి.

సీసా సిరా సరిపోతుంది. అయినా ఎప్పుడో ఒకప్పుడు సిరా కడ్డీ, సానరాయి కొనుక్కోండి. సాన మీద గంధం తీసినట్టే, కాసిని నీళ్లు వేసి గుండ్రంగా అరగదీయాలి. జబ్బుమనిషిలా సిరా తీయాలి, బలమైనవాడిలా కుంచె పట్టాలి అని అక్కడ సామెత. ఆ పది నిమిషాల్లో ఆఫీసు ఆలోచనలు తగ్గి చెయ్యి కుదుటపడుతుంది, నేను దాన్ని పూజకి ముందు గంధం తీసే సమయంలాగే చూసుకుంటాను. నలుపులోనే అయిదు ఛాయలు ఉన్నాయంటారు, మాడినట్టున్న నలుపు నుంచి నీళ్లలాంటి లేత ఛాయ దాకా. తడిగా ఉన్నప్పుడు కనిపించే నలుపు ఆరాక లేతబడుతుంది కాబట్టి, మీకు కావాల్సిన దానికంటే ఒక మెట్టు ముదురుగా వేయండి.

రంగుల జోలికి ఆరు నెలల దాకా పోకపోతే మంచిదని నా అభిప్రాయం. పోయినప్పుడు ఒక జాగ్రత్త. అసలైన గాంబోజ్ అనే పసుపు రంగు విషం. కుంచె కొనని నోట్లో పెట్టి సవరించే అలవాటు ఉంటే మానేయండి.

భాష విషయం. మా టీచర్ నా చెయ్యి పట్టుకుని గీయించేవారు, దానికి మాటలు అక్కర్లేదు. తొందరపడితే "మాన్ మాన్ లాయ్" అనేవారు, మెల్లగా కానివ్వమని. వీలైతే మొదటి నెలలో కనీసం ఒక్కసారైనా ఎవరి ముందైనా కూర్చుని గీయండి. చెయ్యి ఎంత వేగంగా కదులుతోందో వీడియోలో కనపడుతుంది గానీ, కాగితం మీద ఎంత బరువు పడుతోందో కనపడదు.

ఆరాక బొమ్మ ముడతలు పడితే పారేయకండి. మొదట్లో నేను అలా చాలా పారేశాను. వెనక నీళ్లు చల్లి, గోధుమ గంజితో ఇంకో కాగితం అంటించి, బల్లకి అతికించి ఆరబెడితే అద్దంలా సాఫీ అవుతుంది, లేతబడ్డ నలుపు కూడా మళ్లీ తేటగా కనిపిస్తుంది. అయితే చవక సిరా ఆ తడికి కరిగిపోతుంది, ముందు ఒక మూల చిన్న చుక్కతో చూసుకోండి. మా హాల్లో ఇప్పుడు వేలాడుతున్న వెదురు బొమ్మని నేను ఒకప్పుడు ఉండ చుట్టి చెత్తబుట్టలో వేశాను. టీచరే దాన్ని బయటికి తీసి, ఇలా అంటించి నా చేతిలో పెట్టారు.