గాయం తీవ్రతకు మామూలు రిగ్రెషన్ సరిపోతుందా?

కర్నూలు దగ్గర 44వ జాతీయ రహదారిపై పాదచారుల, సైకిలువాళ్ల ప్రమాదాలకు చిన్న గాయం 1, తీవ్ర గాయం 2, మరణం 3 అని వేసి మామూలు రిగ్రెషన్ (కారణాలు మారితే ఒక అంకె ఎంత మారుతుందో సరళరేఖతో అంచనా వేసే పద్ధతి) చేయొచ్చా అని ఒకరు అడిగారు. వద్దండి. ఆ అంకెలకు వరుస ఉందే గానీ సమాన దూరం లేదు. చెయ్యి విరగడానికీ ప్రాణం పోవడానికీ మధ్య ఉన్నది ఒక్క మెట్టా! వరుసను మాత్రమే వాడుకుని ఒక్కో మెట్టుకు ఎంత అవకాశమో లెక్కించే ఆర్డర్డ్ లాజిట్‌తో మొదలుపెట్టండి. అయితే చీకటి, వయసు వంటి ప్రతి కారణమూ అన్ని మెట్ల దగ్గరా ఒకేలా పనిచేస్తుందని అది అనుకుంటుంది. ఆ ఊహ నిలవకపోతే వరుసను పక్కనపెట్టి ఒక్కో మెట్టునూ విడిగా లెక్కించే మల్టినామియల్ లాజిట్ చూడండి. వేగాన్ని మాత్రం వదలొద్దు: గంటకు 30 నుంచి 60 కిలోమీటర్లకు పెరిగితే బండి గతిశక్తి నాలుగింతలవుతుంది.

ఇంకోటి, మోకాలు గీరుకుపోయిన సైకిలాయన స్టేషన్‌కు పోడు, ఇంటికి పోతాడు. అందుకే పోలీసు రికార్డుల్లో మరణాల వాటా ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఆసుపత్రి లెక్కలూ కలపండి.