అత్తగారి ఆకు, అరకప్పు పొట్ట

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం పండుగ గురించే. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు సంక్రాంతి అంటే పరీక్షల నెలే. నేను డైటీషియన్‌ని. అంతకంటే ముఖ్యం, తొమ్మిదేళ్ల కిందట అదే బల్ల మీద పడుకుని లేచినదాన్ని. అప్పుడు 112 కిలోలు. అందుకని చదువుకున్నది కొంత, ఒంటికి తగిలింది కొంత కలిపి చెబుతాను. మీ సర్జన్ మీకు ప్రత్యేకంగా చెప్పిన మాట ఏదైనా ఉంటే అదే ముందు, నాది తర్వాత.

ప్రశ్న: నా వయసు 33. కూకట్‌పల్లిలో ఉంటాం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కిందటి ఫిబ్రవరిలో స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. 131 కిలోల నుంచి 93కి వచ్చాను. శ్రావణంలో పెళ్లయింది. మా ఆవిడకు అంతా తెలుసు, అత్తగారింట్లో ఎవరికీ తెలియదు. వాళ్లది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. కొత్త అల్లుణ్ణి కాబట్టి భోగి నుంచి ముక్కనుమ దాకా నాలుగు రోజులూ అక్కడే. మా అత్తగారు రోజూ ఫోన్ చేసి, "అల్లుడు గారికి పూతరేకులు బెల్లంవి ఇష్టమా, పంచదారవా?" అని మా ఆవిణ్ణి అడుగుతున్నారు. వంద రకాలు పెడతారట. నాకేమో రెండు ఇడ్లీల తర్వాత మూడోది దిగదు. పెళ్లిలో హడావుడి మధ్య ఎవరూ గమనించలేదు. ఇప్పుడు ఆకు ముందు కూర్చోబెడితే తప్పించుకోవడం ఎలా? బావమరుదులు మందుకి కూడా పిలుస్తున్నారు.
- పేరు వద్దన్నారు, హైదరాబాద్

జవాబు: బాబూ, ముందు పూతరేకుల ప్రశ్నకి జవాబు చెప్పించండి, పాపం ఆవిడ రోజూ ఫోన్ చేస్తున్నారు. ఆ జవాబుతోపాటే ఆపరేషన్ సంగతీ చెప్పించండి. భోగికి ముందే, మీ ఆవిడ నోటితోనే.

ఎందుకంటే గోదావరి జిల్లాల్లో కొత్త అల్లుడు ఆకులో వదిలేస్తే అది "ఆకలి లేదు" అని ఎవరికీ వినిపించదు. "నచ్చలేదు" అని వినిపిస్తుంది. "కట్నం దగ్గర ఏమైనా మనసులో పెట్టుకున్నాడా" అనే దాకా వెళుతుంది. మీరు మొహమాటానికి పోయి నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నారనుకోండి, పెరట్లోకి పరుగెత్తి కక్కుకోవాల్సి వస్తుంది. అది చూసి ఇంకేదో జబ్బనుకుంటారు. దాచితే ఎటు తిరిగీ నష్టమే. ఊరందరికీ చెప్పక్కర్లేదు. వడ్డించే చేయి ఎవరిదో వాళ్లకు చెబితే చాలు. మీ ఇంట్లో అది అత్తగారిది. "పొట్టకి ఆపరేషన్ అయిందమ్మా, ఒక్కసారి ఎక్కువ తినలేరు, రోజుకి ఐదారు సార్లు కొంచెం కొంచెం తింటారు" అంటే పెద్దావిడకి అర్థమవుతుంది. పైగా, రోజుకి ఐదారు సార్లు పెట్టొచ్చనే మాట ఏ అత్తగారికైనా వరమే. పెళ్లికి ముందే ఎందుకు చెప్పలేదని నిష్ఠూరం వేస్తారేమో, వేయనివ్వండి. ఆ మాట మీరు పడాల్సిందే.

స్లీవ్‌లో జీర్ణాశయంలో దాదాపు 75 నుంచి 80 శాతం తీసేస్తారు. మిగిలేది అరటికాయంత గొట్టం. ఏడాది దగ్గర పడింది కాబట్టి మీకు ఇప్పుడు పూటకి ముప్పావు కప్పు, మహా అయితే ఒక కప్పు పడుతుంది. ఆ కప్పులో ఏం పోస్తున్నామన్నదే లెక్క. మీ ఒంటికి రోజుకి కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అన్నం, పులిహోర ముందు తింటే చోటు నిండిపోయి, కావలసినవి బయటే ఉండిపోతాయి.

ఈ లెక్కన కనుమ మీ పండుగ. భోగి, సంక్రాంతి రోజుల్లో ఆకు నిండా బియ్యం, బెల్లం, నెయ్యే. కనుమ నాడు మీ వైపు పండుగప్ప పులుసు, రొయ్యల ఇగురు, నాటుకోడి ఉంటాయి. ముందు చేప. వందగ్రాముల ముక్కలో 20 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి, మెత్తగా దిగుతుంది. రొయ్యలు బాగా నమిలితే సరే. నాటుకోడి దగ్గర జాగ్రత్త: పీచు ఎక్కువ, గట్టిది, సరిగా నమలకపోతే గొంతు కింద గుండె మధ్యన రాయిలా ఆగిపోతుంది. తొడ ముక్క చిన్నది తీసుకుని, పులుసులో నాని మెత్తబడ్డాక, గోరంత తుంచి తినండి. కనుమ నాడు మినుము తినాలి కాబట్టి ఒక గారె తప్పదు. నూనెలోంచి తీసింది తీసినట్టు కాకుండా పెరుగులో నానిన ఆవడ అడగండి, తేలిగ్గా ఉంటుంది.

మొదటి రెండు రోజులూ? ముద్దపప్పు, పెరుగు, ఉంటే పనీరు, పొద్దున ఇడ్లీ బదులు పెసరట్టు. ఉడికించిన గుడ్లు రెండు దగ్గర పెట్టించుకోండి, సంక్రాంతి నాడు ఇంట్లో గుడ్డు వండరంటే ప్రొటీన్ పొడి డబ్బా మీ సంచిలోనే ఉండాలి. మన ఆకులో తీపి ముందు వడ్డిస్తారు, ముందు అదే తినమంటారు. పరమాన్నం వేలి కొసకి అంటించుకుని నాలిక మీద పెట్టుకోండి, శాస్త్రం తీరుతుంది. తర్వాత పప్పు మీదికి వెళ్లండి.

తీపి గురించి ఇంత భయం ఎందుకంటే నా మొదటి సంక్రాంతి కథ చెప్పాలి. నాది బైపాస్, గుండెది కాదు, పొట్టది: పొట్టని చిన్న సంచిలా చేసి నేరుగా చిన్నపేగుకి కలుపుతారు. ఆపరేషన్ అయిన ఎనిమిది నెలలకు రేపల్లె దగ్గర మా అమ్మగారి ఊరు వెళ్లాను. మా అమ్మ అరిసెలు వండుతోంది. అరిసెల చెక్కల మధ్య నూనె ఒత్తి తీసి, ఇంకా వేడిగా ఉన్నది నా చేతిలో పెట్టింది. పదిమందికి పథ్యాలు చెప్పేదాన్ని, నాకు తెలియదా? తెలుసు. తిన్నాను, మొత్తం ఒకటి. పావుగంట తిరగలేదు, గుండె దడదడా కొట్టుకోవడం, ఒళ్లంతా చెమటలు, కడుపులో మెలి. వసారాలో నవారు మంచం మీద పడిపోయాను. మా అమ్మ వంట వదిలేసి ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకొచ్చి దిష్టి తీసింది. పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదట. "చూశావా, ఎంత దిష్టి తగిలిందో! చిక్కిపోయావని ఊరంతా చూస్తుంటే తగలదూ" అంది. అరగంటకి నేను లేచి కూర్చున్నాను. ఆవిడ ఇప్పటికీ మిరపకాయల వల్లే తగ్గిందంటుంది.

జరిగింది దిష్టి కాదు, డాక్టర్లు డంపింగ్ అంటారు. తీపి సరాసరి చిన్నపేగులోకి జారిపోతుంది. ఆ చిక్కదనాన్ని పలచన చేయడానికి రక్తంలోని నీరు పేగులోకి చేరుతుంది. అదే దడ, చెమట, విరేచనం. ఇంకో రకం ఉంది: తిన్న గంట నుంచి మూడు గంటల మధ్య, ఇన్సులిన్ ఒక్కసారిగా ఎగదన్ని రక్తంలో చక్కెర పడిపోతుంది, చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి. బైపాస్ వాళ్లకి ఇది ఎక్కువ. స్లీవ్ వాళ్లకి తక్కువే గానీ అసలు రాదని చెప్పడానికి లేదు. మీరు ఇంతవరకూ చూడకపోతే అత్తగారి వసారాలో మొదటిసారి చూడాలని సరదా పడకండి. అరిసె కావాలంటే నాలుగో వంతు తుంచుకోండి, అదీ భోజనం చివర, మాంసకృత్తులు లోపలికి వెళ్లాక. మిగతావి డబ్బాలో కట్టించుకోండి. అరిసె వారాల తరబడి నిలవుంటుంది. హైదరాబాద్ తీసుకెళ్లి ఆఫీసులో పంచితే మా అత్తగారి చేతివంట అని నలుగురికీ చెప్పినట్టూ ఉంటుంది. ఆవిడకి ఆ మాట ఫోన్‌లో చెప్పడం మరిచిపోకండి.

తినే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది, అయినా పండుగ నాడు మరిచిపోతాం: తింటూ మంచినీళ్లు వద్దు, తిన్న అరగంటకి మొదలుపెట్టండి. ఇరవై, పాతిక నిమిషాల్లో ఎంత తింటే అంతే, కబుర్లలో పడి గంటసేపు కూర్చుంటే చెయ్యి ఊరుకోదు. కడుపు నిండిందని మన పొట్ట వెనకటిలాగా చెప్పదు. కొందరికి ముక్కు కారుతుంది, కొందరికి తుమ్ము, నాకైతే ఒక్క ఎక్కిలి. ఎక్కిళ్లు వస్తే ఎవరో తలుచుకుంటున్నారంటారు కదా, మన విషయంలో తలుచుకుంటున్నది పొట్టే. ఆ గుర్తు కనిపించాక ఒక్క ముద్ద కూడా వద్దు. ఆకు మడిచేయండి. ఆకు ముందే ఉంటే మారు వడ్డింపు ఆగదు.

మందు సంగతి. ఆపరేషన్ తర్వాత మందు రక్తంలోకి చాలా త్వరగా ఎక్కుతుంది, ఎక్కువగా ఎక్కుతుంది, దిగడానికి ఆలస్యం. ఒకప్పుడు మూడు పెగ్గులకు చలించని మనిషి ఇప్పుడు ఒకదానికే తూలతాడు. తాగాక బండి తీయడం అసలే వద్దు. కోడిపందేల బరి దగ్గర, ఎండలో, ఖాళీ కడుపుతో బావమరుదుల మధ్య మొదటి ప్రయోగం చేయకండి. "మందులు వాడుతున్నా బావా" అంటే మన ఊళ్లలో ఇంక ఎవరూ బలవంతపెట్టరు. విటమిన్లు కూడా మందులే కదా, అబద్ధం కాదు. గ్లాసులో పలచటి మజ్జిగ పట్టుకు తిరగండి.

ప్రశ్న: మా బిడ్డకు మూడు వారాల కింద స్లీవ్ ఆపరేషన్ అయింది. వయసు 26. పండుగకు ఇంటికొస్తున్నది. చిన్నప్పటి నుంచి సకినాలంటే ప్రాణం. పాలల్ల నానబెట్టి మెత్తగ చేసి ఇయ్యొచ్చునా?
- ఒక తల్లి, హన్మకొండ

జవాబు: ఇయ్యొద్దు తల్లీ. లోపల కుట్లేసిన గీత ఇంకా మానుతూ ఉంటుంది. మూడో వారమంటే మిక్సీలో మెత్తగా తిప్పినవే: పలచటి పప్పు, గిలకొట్టిన పెరుగు, వడకట్టిన మటన్ సూప్, డాక్టర్ సరేనంటే మెత్తగా చేసిన గుడ్డు. పూటకి రెండు మూడు చెంచాలు, రెండు మూడు గంటలకోసారి. మధ్యలో నీళ్లు గుక్కగుక్కగా, రోజు మొత్తమ్మీద లీటరున్నర దాకా.

బిడ్డ సకినాలు తినలేకపోయినా చుట్టగలదు. నేల మీద బట్ట పరిచి, పిండి ముందర పెట్టుకుని, వేళ్లతో మెలి తిప్పుతూ మూడు నాలుగు వరుసలు తిరగేయడం చిన్నప్పుడు మీరే నేర్పించి ఉంటారు. నువ్వులూ వామూ వాసన ఆమెకీ కావాలి. వంటింట్లోకి రావొద్దని అవతల గదిలో కూర్చోబెట్టకండి, బరువులు మాత్రం ఎత్తనివ్వకండి. ఒక డబ్బా ఆమె పేరు మీద పక్కన పెట్టండి. నెలన్నర, రెండు నెలలు దాటాక డాక్టర్ ఒప్పుకుంటే ఒకటి కొరుకుతుంది.

ఇది మాత్రం గోడ మీద రాసుకోండి: జ్వరం, తగ్గని కడుపునొప్పి, గుండె వేగం, ఎడమ భుజంలో నొప్పి, మంచినీళ్లు కూడా నిలవకపోవడం. వీటిలో ఏది కనిపించినా పండుగ అయ్యాక చూద్దామనుకోకుండా అదే రోజు ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. రోజుల తరబడి వాంతులైతే బి1 విటమిన్ అడుగంటుతుంది. నడక తూలడం, చూపు రెండుగా కనిపించడం దాని గుర్తులు. దానికి ఇంట్లో వైద్యం లేదు.

ప్రశ్న: 47 ఏళ్లు. బైపాస్ అయి ఐదేళ్లు. నాలుగేళ్లు బాగానే ఉన్నాను, ఈ ఏడాది ఏడు కిలోలు పెరిగాను. భోజనం గుప్పెడే తింటాను. పొట్ట మళ్లీ సాగిపోయిందా?
- రాజమహేంద్రవరం

జవాబు: గుప్పెడు భోజనం సంగతి రాశారు, సాయంత్రం సంగతి రాయలేదు. జంతికల డబ్బా ఇంట్లో ఎక్కడుంటుందండీ?

పొట్ట కొంచెం సాగడం ఉంటుంది, సర్జన్ పరీక్ష చేసి చెప్పాలి. నా దగ్గరికొచ్చే పదిమందిలో ఎక్కువమంది కథ మాత్రం డబ్బాలోనే తేలుతుంది. చేపముక్క, గుడ్డు కడుపులో చోటు పట్టి కూర్చుంటాయి, ఇంక చాలు అనిపిస్తాయి. జంతిక, చేగోడీ, మిక్చరు అలా కాదు. నోట్లో పొడై, టీతో కలిసి జావలా జారిపోతాయి. అడ్డు లేదు, ఎక్కిలి లేదు. టీవీలో సినిమా అయ్యేలోపు డబ్బాలో సగం దిగినా ఆపరేషన్ చేసిన పొట్ట కిమ్మనదు. నాకూ నాలుగో ఏడు ఇదే జరిగింది, మూడు కిలోల దగ్గర పట్టుకున్నాను.

వారం పాటు తిన్నదీ తాగిందీ రాయండి, టీలో చక్కెరతో సహా, చెయ్యి పెట్టిన ప్రతిసారీ. జంతికలు కావాలంటే రెండు ప్లేటులో వేసుకుని, డబ్బా మూత పెట్టి, అటక మీదికి ఎక్కించి, అప్పుడు టీవీ ముందుకి రండి. టీ విడిగా, అరగంట ఆగి. ఐదేళ్లయింది కాబట్టి బి12, ఇనుము, డి విటమిన్ పరీక్షలు ఈ నెలలోనే చేయించండి. ఇనుము మాత్ర, కాల్షియం మాత్ర ఒకేసారి మింగుతున్నారేమో చూసుకోండి, వాటి మధ్య రెండు గంటలైనా ఉండాలి. వారం రాసిన కాగితం ఫోటో తీసి పంపండి, పేరు లేకుండా చూస్తాను.